బురద టైరు, వాన రోడ్డు

ఎత్తయిన బండి కొన్నవాళ్లలో చాలామందికి మొదటి సర్వీసుకు ముందే టైర్లు మార్చాలనిపిస్తుంది. కంపెనీ బిగించి ఇచ్చినవి నున్నగా, బెదురుగా కనిపిస్తాయి. షాపు ముందు నిలబెట్టిన పెద్ద బటన్ల టైరు మాత్రం ఏ కొండనైనా ఎక్కించేలా ఉంటుంది. దాన్ని చూసి వేసుకునే లెక్క సూటిగానే ఉంటుంది: చాళ్లు లోతుగా ఉన్నాయి కాబట్టి వానలో నీళ్లు సులువుగా పోతాయి, బటన్లు దిట్టంగా ఉన్నాయి కాబట్టి చాలాకాలం అరగవు. దీనికి తోడు షాపుల్లో వినిపించే సూత్రం ఇంకొకటి ఉంది. మెత్తటి రబ్బరుకు పట్టెక్కువ, గట్టి రబ్బరుకు ఆయుష్షెక్కువ, రెండిట్లో ఒకటే దక్కుతుంది అని. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ మూడూ కలిసి కొనేవాణ్ణి తప్పు టైరు దగ్గరికి తీసుకెళ్తాయి. ఆఫ్‌రోడ్ టైర్లలో అసలు పోటీ తడి పట్టుకూ మన్నికకూ మధ్య కాదు. తారు రోడ్డు మీద ఆ రెండూ చాలావరకు ఒకే పక్షం. ఎదుటి పక్షంలో ఉన్నది బురద. బురద కోసం టైరు ఆకారంలో చేసే మార్పుల్లో ఎక్కువ భాగం తడి పట్టునూ ఆయుష్షునూ ఒకేసారి కొంత కొరుక్కుతింటాయి.

బురదలో టైరు చేయాల్సిన పని తారు మీద చేసే పనికి దాదాపు వ్యతిరేకం. అక్కడ నేలే మెత్తన, టైరే గట్టి. బటను మట్టిలోకి దిగి, ఆ మట్టిని వెనక్కి నెట్టి బండిని ముందుకు తొయ్యాలి. తొక్కిన మట్టి చాళ్లలోనే ఉండిపోతే రెండో చుట్టుకల్లా టైరు మట్టి ముద్దయిపోతుంది. ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో తడిసిన నల్లరేగడి మీద మామూలు కారు టైరుకు పట్టే గతి అదే. అందుకే బురద టైరుకు చాళ్లు వెడల్పుగా, బటన్లు ఎడంగా, ఎత్తుగా ఉంటాయి. చక్రం జోరుగా తిరిగితే మట్టి దానంతటదే ఎగిరిపోతుంది. రాళ్ల మీద చిట్లకుండా ఉండాలని బటన్ల మీద సన్నని గాట్లు తక్కువగా పెడతారు. బజారులో దీన్ని మడ్ టెర్రెయిన్ లేదా ఎమ్/టీ అంటారు. రోడ్డు కోసమే చేసినది హైవే టెర్రెయిన్, అంటే హెచ్/టీ. నడుమ ఉన్నది ఆల్ టెర్రెయిన్, ఏ/టీ. ఈ పేర్లకు చట్టంలో గట్టి నిర్వచనాలు లేవు, తయారీదారు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. కానీ టైర్ల మీద ఐక్యరాజ్య సమితి రూపొందించిన 117వ నియమావళిలో వృత్తిపరమైన ఆఫ్‌రోడ్ టైరుకు కొలతలతో కూడిన నిర్వచనం ఉంది. కార్లు, చిన్న వాణిజ్య వాహనాల తరగతిలో ట్రెడ్ లోతు కనీసం 11 మి.మీ. ఉండాలి, ట్రెడ్ విస్తీర్ణంలో కనీసం 35 శాతం ఖాళీ ఉండాలి, వేగం స్థాయి క్యూ, అంటే గంటకు 160 కి.మీ. దాటకూడదు. ఈ తరగతిలో చేరిన టైరుకు ఆ నియమావళి కొన్ని పరీక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. టైరు వీరత్వాన్ని చూసి ఇచ్చిన బహుమతి కాదది. ఆ ఆకారంతో ఆ పరీక్షలు గట్టెక్కడం కష్టమని నియమం రాసినవాళ్లకు తెలుసు.

వాన రోడ్డు మీద టైరు కింద ఏం జరుగుతుందో లెక్కతో చూద్దాం. రోడ్డు మీద 3 మి.మీ. నీరు నిలిచిందనీ, టైరు వెడల్పు 20 సెం.మీ. అనీ, బండి గంటకు 80 కి.మీ. వేగంతో పోతోందనీ అనుకుంటే, ఒక్కొక్క ముందు టైరు సెకనుకు 13 లీటర్ల నీటిని పక్కకు తొలగించాలి. టైరు నేలను తాకే అచ్చు పొడవు సుమారు 15 సెం.మీ. ఆ వేగంలో ఒక బటను నేలమీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు ఏడు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో మూడు పనులు వరుసగా జరగాలి. అచ్చు ముందు భాగంలో దళసరి నీటిని చాళ్లు మింగి బయటికి పంపాలి. నడిమి భాగంలో మిగిలిన పల్చటి పొరను బటను అంచులు, వాటి మీది గాట్లు చీల్చి తుడవాలి. అప్పుడుగాని వెనక భాగంలో రబ్బరు రాతిని నేరుగా తాకదు. బ్రేకు వేస్తే బండిని ఆపేది ఈ వెనక భాగమొక్కటే. వేగం పెరిగేకొద్దీ మొదటి రెండు భాగాలు వెనక్కి జరుగుతూ మూడోదాన్ని మింగేస్తాయి. పూర్తిగా మింగేసిన క్షణాన టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగు చేతిలో తేలికైపోతుంది.

ఈ తేలడాన్ని శాస్త్రీయంగా కొలిచింది విమానాల కోసం. అమెరికాలోని నాసా లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో ప్రచురించిన నివేదిక ఒక చిన్న సూత్రాన్ని ఇచ్చింది. చాళ్లకు మించి నీరు నిలిచినప్పుడు టైరు తేలిపోయే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మన కొలతల్లోకి మార్చుకుంటే, పీఎస్ఐలో పీడనానికి వర్గమూలం కట్టి సుమారు 16.6తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 30 పీఎస్ఐ గాలికి అది 91 కి.మీ.; 20 పీఎస్ఐకి 74. బండి బరువు ఈ సూత్రంలో లేకపోవడం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. బరువైన బండి గదా, నీళ్లలో కుదురుగా పోతుందనుకోవడం భ్రమ. బరువు పెరిగితే నేలను తాకే అచ్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది, చదరపు అంగుళం మీద ఒత్తిడి మాత్రం గాలి పీడనం చుట్టుపక్కలే ఉంటుంది. విమాన టైర్లకు కట్టిన లెక్క కారుకు అచ్చంగా సరిపోదన్న అభ్యంతరం న్యాయమైనదే. కారు టైరు అచ్చు ఆకారం వేరు. తర్వాతి కాలంలో హార్న్ ఆ సంగతినే పరిశీలించి, అచ్చు పొడవుగా సన్నగా ఉంటే టైరు ఆలస్యంగా తేలుతుందని, పొట్టిగా వెడల్పుగా ఉంటే తొందరగా తేలుతుందని చూపించాడు. అందం కోసం ఒకటి రెండు సైజులు వెడల్పు పెంచేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మారుతి జిమ్నీ 195 మి.మీ. వెడల్పు టైర్లతో వస్తే, చూడటానికి బక్కగా ఉన్నాయని నవ్వినవాళ్లున్నారు. నిలిచిన నీళ్లలో ఆ బక్కతనమే మేలు. ఇసుకలోనో బురదలోనో పట్టు కోసం గాలిని 18 పీఎస్ఐకి దించి, మళ్లీ కొట్టించకుండానే హైవే ఎక్కేవాళ్లకు ఆ సూత్రం చెప్పేది ఇంకా కఠినంగా ఉంటుంది. తేలే వేగం గంటకు 70 కి.మీ. దగ్గరికి వచ్చేస్తుంది.

ఇక్కడే పెద్ద బటన్ల అభిమాని లేచి, నా టైరుకు వెడల్పైన చాళ్లున్నాయి కదా, నీళ్లు తేలిగ్గా మింగుతుంది కదా అంటాడు. అన్నది నిజమే. కొత్త ఎమ్/టీ టైరు నిలిచిన దళసరి నీటి మీద తేలడం కష్టమే, ఆ ఒక్క విషయంలో అరిగిన కారు టైరు కన్నా అది చాలా నయం. కానీ వానాకాలంలో మనం నడిపే కిలోమీటర్లలో ఎక్కువ భాగం నిలిచిన నీటి మీద కాదు, తడిసి మెరుస్తున్న రోడ్డు మీద. అక్కడ నీటి పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పొరను మింగడానికి పెద్ద చాళ్లు అక్కర్లేదు, తుడవడానికి అంచులు కావాలి. నాలుగు వేళ్ల వెడల్పు ఉన్న నున్నటి బటను కింద పల్చటి నీరు చిక్కుకుంటే బయటికి పోయే దారే లేదు. అదే బటను మీద నాలుగు సన్నని గాట్లు ఉంటే నీరు వాటిలోకి దూరుతుంది, ప్రతి గాటూ ఒక కొత్త అంచు అవుతుంది. చాలా నెలలు ఎండిన తర్వాత పడే తొలకరి జల్లుకు రోడ్డు మీది దుమ్ము, నూనె, రబ్బరు పొడి కలిసి జారుడు పూత అవుతాయి కాబట్టి అప్పుడు ఈ తుడిచే పని మరీ ముఖ్యం. దళసరి నీరు, పల్చటి పొర వేర్వేరు శత్రువులు. మొదటిదానికి చాళ్లు, గాలి పీడనం, వేగం జవాబు. రెండోదానికి గాట్లు, రబ్బరు రసాయనం. పెద్ద బటన్ల టైరు మొదటి శత్రువుకు సిద్ధంగా ఉండి రెండోదాని ముందు తెల్లబోతుంది.

తేడా ఎంతని అడగవచ్చు. బ్రేకు దూరం లెక్క హైస్కూలు భౌతికశాస్త్రమే. తడి రోడ్డు మీద ఒక టైరు ఘర్షణ గుణకం 0.7, ఇంకొకదానిది 0.5 అనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగం నుంచి మొదటిది 36 మీటర్లలో ఆగుతుంది, రెండోది 50 మీటర్లలో. పద్నాలుగు మీటర్లే కదా అనిపించవచ్చు. మొదటి బండి ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండో బండి ఇంకా గంటకు 43 కి.మీ. వేగంతో ఉంటుందన్నది మరో రకంగా చూస్తే కనిపించే నిజం. అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపు తిరగగానే లారీ కనిపించినప్పుడు ఈ లెక్క పుస్తకంలోది కాదు.

రబ్బరుకు పట్టు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే రసాయనం సంగతి అర్థమవుతుంది. రోడ్డు ఉపరితలం కంటికి చదునుగా కనిపించినా, రబ్బరుకు అది కొండలూ లోయలూ. రబ్బరు ఆ గరుకు మీద నొక్కుకుని, కదులుతూ, తిరిగి తన ఆకారానికి రావాలి. ఆ రావడంలో జాప్యం ఉంటే, అంటే శక్తిలో కొంత వేడిగా పోతే, ఆ జాప్యమే బండిని వెనక్కి లాగే బలమవుతుంది. ఇది మొదటి దారి. రెండోది రబ్బరు అణువులు రాతికి అంటుకుని తెగడం. మధ్యలో నీటి పొర ఉంటే రెండోది పనిచేయదు, తడిలో భారమంతా మొదటిదాని మీదే పడుతుంది. జారే బటను సెకనుకు వేల నుంచి లక్షలసార్ల దాకా గరుకును తగులుతుంది. అంత వేగపు కుదుపుకు రబ్బరు ఎలా స్పందిస్తుందో తెలుసుకోవాలంటే ప్రయోగశాలలో దాన్ని చల్లబరిచి చూస్తారు. సుమారు సున్నా డిగ్రీల దగ్గర అది ఎంత శక్తి పోగొట్టుకుంటే తడి పట్టు అంత బాగుంటుందని, 60 డిగ్రీల దగ్గర ఎంత తక్కువ పోగొట్టుకుంటే ఇంధనం అంత ఆదా అవుతుందని టైరు రసాయన నిపుణులకు కొలబద్ద. షాపులో బొటనవేలితో నొక్కి చూసి మెత్తదనం చెప్పడం ఈ రెంటిలో దేన్నీ కొలవదు.

ముడి సరుకు వైపు చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. బ్యుటాడైన్ రబ్బరు అరుగుదలకు గొప్పగా ఓర్చుకుంటుంది, కానీ సున్నాకు దిగువన దాదాపు 100 డిగ్రీల దాకా కూడా గాజులా గట్టిపడదు. అంత చురుకైన రబ్బరుకు తడిలో జాప్యం తక్కువ, పట్టూ తక్కువే. స్టైరిన్ కలిపిన రబ్బరు దానికన్నా ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే గట్టిపడుతుంది, తడిలో బాగా పట్టుకుంటుంది. కేరళ తోటల నుంచి వచ్చే సహజ రబ్బరు చీలడానికీ తెగడానికీ బాగా ఓర్చుకుంటుంది, అందుకే లారీ టైర్లలోనూ రాళ్ల మీద నడిచే టైర్లలోనూ అదే ముఖ్యం. తడి పట్టులో మాత్రం అది స్టైరిన్ రబ్బరుకు సాటి రాదు. కాబట్టి పట్టూ ఆయుష్షూ ఎదురెదురనే షాపు సూత్రం రబ్బరు మిశ్రమం వరకూ నిజమే. దాన్ని సగం బద్దలు కొట్టింది సిలికా. దశాబ్దాలుగా రబ్బరుకు బలం ఇస్తున్న నల్లటి కార్బన్ పొడి స్థానంలో మెత్తటి సిలికాను, అది రబ్బరుతో కలవడానికి సిలేన్ అనే జోడింపు పదార్థాన్ని వాడి, మిషెలిన్ కంపెనీ 1992లో కార్ల కోసం టైర్లను బజారులోకి తెచ్చింది. ఇంధనం తక్కువ తాగే టైరు అన్న పేరుతో అది వచ్చింది గానీ, మనకు ఇక్కడ కావాల్సిన సంగతి వేరు: తడి పట్టు తగ్గకుండానే, అరుగుదలను పెద్దగా పెంచకుండానే ఆ ఆదా సాధ్యమైంది. ఇప్పుడు మంచి ఏ/టీ టైర్లలో చాలావాటికి సిలికా మిశ్రమం ఉంటుంది. రాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసే ఎమ్/టీ టైరుకు చీలకపోవడమే మొదటి అవసరం, తడి పట్టు వరుసలో ఎక్కడో వెనక నిలబడుతుంది.

ఇక మన్నిక. లోతైన ట్రెడ్ అంటే ఎక్కువ రబ్బరు, ఎక్కువ రబ్బరంటే ఎక్కువ కిలోమీటర్లు అన్న లెక్కలో ఒక లొసుగు ఉంది. అరుగుదల రబ్బరు ఎంత ఉందన్న దాన్ని బట్టి కాదు, రోడ్డు మీద ఎంత జారిందన్న దాన్ని బట్టి జరుగుతుంది. టైరు తిరుగుతున్నప్పుడు ప్రతి బటనూ నేలను తాకేటప్పుడు వంగుతుంది, వదిలేటప్పుడు చటుక్కున వెనక్కి జారుతుంది. బటను ఎంత పొడవైతే అంత వంగుతుంది. దాని ఎత్తు రెండింతలైతే వంపుకు ఎదురు నిలిచే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దీనికి తోడు బరువు సమస్య. 1,800 కిలోల బండిలో ఒక్కో టైరు 450 కిలోలు మోస్తుంది. 30 పీఎస్ఐ గాలితో నేలను తాకే అచ్చు సుమారు 210 చదరపు సెం.మీ. అందులో 40 శాతం ఖాళీ అయితే బరువును మోసే రబ్బరు 130 చదరపు సెం.మీ. కూడా ఉండదు. ఖాళీ 28 శాతమే అయితే 150 దాటుతుంది. తక్కువ రబ్బరు, ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ జారుడు. ట్రాక్టరు ఉన్న రైతుకు ఇది చెప్పనక్కర్లేదు: పొలంలో ఏళ్ల తరబడి నిలిచే టైరు, ట్రాలీ కట్టి తారు రోడ్డు మీద తిప్పితే ఎంత తొందరగా గుండవుతుందో అతనికి తెలుసు. పెద్ద బటన్ల ఎస్‌యూవీ టైరు ఆ దారిలో కొంతదూరం నడిచినదే. అది సమంగా కూడా అరగదు. బటను వెనకంచు ముందంచు కన్నా తొందరగా పోయి రంపపు పళ్లలా తయారవుతుంది. తర్వాత వచ్చే హోరుకు బేరింగు పోయిందేమోనని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తేవాళ్లు చాలామంది.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తడి రోడ్డు మీద ఆగాలంటే నేలను తాకే రబ్బరు ఎక్కువగా ఉండాలి, బటన్లు వంగకుండా నిలబడాలి. ఎక్కువకాలం అరగకుండా ఉండాలన్నా ఆ రెండే కావాలి. గాట్లు ఎక్కువైతే బటను బలహీనపడి తొందరగా అరుగుతుందన్న అభ్యంతరం ఒకప్పుడు గట్టిదే. దానికి జవాబుగా వచ్చినవి లోపల మెలికలు తిరిగిన గాట్లు. బరువు పడగానే ఇరుపక్కలూ ఒకదానిలో ఒకటి కొక్కేల్లా చిక్కుకుని బటనును ఒకే ముక్కగా నిలబెడతాయి. బటన్ల మధ్య అడుగున రబ్బరు వంతెనలు కట్టడం, నడుమ వరుసను దాదాపు ఎడతెగని పట్టీగా చేయడం కూడా అందుకే. మంచి ఏ/టీ టైరును గుర్తుపట్టాలంటే చూడాల్సింది భుజాల దగ్గర బటన్ల కండలు కాదు, నడుమ ఎంత దట్టంగా ఉంది, గాట్లు ఎంత లోతుగా దిగాయి అన్నది.

గాట్ల లోతును తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని టైర్లలో గాట్లు సగం లోతు దాకానే ఉంటాయి. సగం అరిగేసరికి అవి మాయమై, చాళ్లు మాత్రం మిగులుతాయి. చూపుకు ఇంకా బోలెడు ట్రెడ్ ఉన్నట్టే ఉంటుంది, తడిలో మాత్రం అది వేరే టైరు. ఈ కిటుకు చాలాకాలం పరీక్షలకు చిక్కలేదు, ఎందుకంటే పరీక్షించేది ఎప్పుడూ కొత్త టైరునే. యూరప్ 2024 జూలై నుంచి కొత్త రకం కారు టైర్లను అరిగిన స్థితిలో కూడా తడి పట్టుకు పరీక్షించాలని నియమం పెట్టింది. ట్రెడ్ లోతుకు చట్టబద్ధ కనిష్ఠం మన దగ్గర కార్లకైనా అక్కడైనా 1.6 మి.మీ.; చాళ్ల అడుగున ఉండే చిన్న దిమ్మలు ఆ హద్దునే చూపిస్తాయి. అది జరిమానా పడకుండా ఉండే హద్దు. వానాకాలానికి 3 మి.మీ. దిగిన టైరును నమ్మకపోవడం మంచిది. అలా చూస్తే, 12 మి.మీ. ట్రెడ్ ఉన్నా గాట్లు 6 మి.మీ. దగ్గరే అయిపోయే టైరు, 10 మి.మీ. ఉండి గాట్లు అడుగుదాకా దిగిన టైరు కన్నా వాన రోడ్డుకు తక్కువ ఆయుష్షుదని తేలుతుంది.

కొనేటప్పుడు టైరు పక్కనున్న రాతలు ఎంతవరకు సాయపడతాయి? అమెరికా ప్రభుత్వ గ్రేడింగులో ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో చుట్టుపక్కల రోడ్ల మీద సుమారు 11,600 కి.మీ. నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి కట్టే అంకె అది. 400 ఉంటే ప్రామాణిక టైరు కన్నా నాలుగు రెట్లు మన్నుతుందని లెక్క, అయితే అంకె వేసుకునేది తయారీదారే. ఒక కంపెనీ టైర్లను తమలో తాము పోల్చడానికి అది బాగానే పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంత నమ్మకం పెట్టుకోలేం. పక్కనే ఉండే తడి పట్టు అక్షరం చక్రం బిగుసుకున్నప్పటి సూటి బ్రేకును మాత్రమే కొలుస్తుంది, మలుపులనూ తేలడాన్నీ కాదు. పైగా ఎల్‌టీ గుర్తుతో వచ్చే లైట్ ట్రక్ టైర్లకూ లోతైన ట్రెడ్ టైర్లకూ ఈ గ్రేడింగు వర్తించదు. అంటే దూకుడుగా కనిపించే టైరుకే ఏ అంకె కూడా ఉండదు. యూరప్ లేబులు ఇంతకన్నా సూటిగా ఉంటుంది: 2021 మే నుంచి తడి పట్టును ఏ నుంచి ఈ వరకు ఐదు మెట్లుగా చూపిస్తున్నారు. అదే సైజులో అదే మోడల్ అక్కడ అమ్ముడవుతుంటే ఆ అక్షరాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు. మన దేశంలో 2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్లు, తేలికపాటి వాణిజ్య వాహనాలు, బస్సులు, లారీల టైర్లకు ఏఐఎస్-142 ప్రమాణం కింద దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం మూడింటికీ హద్దులు పెట్టింది. పర్వతం మధ్య మంచు రేకు ఉన్న గుర్తును మాత్రం తడి పట్టుకు ముద్రగా పొరబడవద్దు. అది మంచు మీద పరీక్ష గెలిచినందుకు ఇచ్చేది, మే నెలలో రామగుండం రోడ్డుకు దాంతో పనిలేదు.

మన రోడ్లకు ఈ సూక్ష్మాలు పనికిరావు, గుంతలకూ కంకరకూ గట్టి టైరే కావాలనేది వినదగిన వాదన. కానీ గుంతలో పగిలేది బటను కాదు, పక్క గోడ. పక్క గోడ బలం లోపలి పొరల నుంచి, బరువు మోసే స్థాయి నుంచి వస్తుంది, ట్రెడ్ ఆకారం నుంచి కాదు. అదే ఏ/టీ మోడల్‌ను బలమైన నిర్మాణంలో తీసుకుంటే ఆ రక్షణ దొరుకుతుంది. బరువు, ఇంధన ఖర్చు కొంత పెరుగుతాయి, కుదుపు ఎక్కువవుతుంది. ఎమ్/టీ టైరుకు నిజమైన హక్కుదారులు లేకపోలేదు. మన్యంలో రోడ్డు లేని ఊళ్లకు వానాకాలమంతా జీపు నడిపేవాళ్లు, అడవి బాటల్లో ఉద్యోగం చేసేవాళ్లు, నల్లరేగడి పొలాల మధ్య రోజూ తిరిగేవాళ్లు అది కొంటే తప్పులేదు. బురదలో ఇరుక్కుపోవడం వాళ్లకు రోజువారీ నష్టం, తారు మీద ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా పోవడం వాళ్లకు పెద్ద త్యాగం కాదు. ఏడాదికి ఒకసారి మారేడుమిల్లి వెళ్లివచ్చి, మిగతా రోజులన్నీ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు మాత్రం అది ఏడాది పొడవునా కట్టే శిస్తు. వాళ్లకు ఏ/టీ చాలు. బాట మొహమే చూడని బండికి ఏ/టీ కూడా అక్కర్లేదు, మంచి హెచ్/టీ తడిలోనూ ఆయుష్షులోనూ దానికన్నా ముందుంటుంది. ఈ మాట చెబితే టైర్ల షాపులో ఎవరికీ నచ్చదు.

ఎంచుకున్నాక ఆయుష్షును నిర్ణయించేవి గాలి, అలైన్‌మెంట్, మార్పిడి. గాలి తక్కువైతే భుజాలు, ఎక్కువైతే నడుమ అరుగుతాయి. చక్రాలు కొద్దిగా లోపలికో బయటికో తిరిగి ఉంటే టైరు రోజంతా పక్కకు ఈడ్చుకుంటూ నడుస్తుంది; ఎత్తయిన బటన్ల మీద ఈ నష్టం రెండింతలుగా కనబడుతుంది. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకొకసారి చోట్లు మార్చకపోతే రంపపు పళ్లు తప్పవు. టైరు పక్కన నాలుగంకెల తేదీ గుర్తు ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. షాపు గోదాములో మూడేళ్లు ఎండిన రబ్బరును తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

రెండే టైర్లు కొనగలిగితే కొత్తవి ముందు వేయించాలని చాలామంది పట్టుబడతారు. వాన రోడ్డుకు అది తప్పు. ముందు టైర్లు తేలితే బండి సూటిగా పోతుంది, కాలు తీస్తే తేరుకుంటుంది. వెనకవి తేలితే తోక తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని నిలబెట్టలేడు. లోతైన ట్రెడ్ ఉన్నవి వెనకే ఉండాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలనూ తిప్పే బండి అయితే రెండు మార్చడం కూడా కుదరదు, ముందూ వెనకా చుట్టుకొలతలో తేడా వస్తే గేరు పెట్టె మీద భారం పడుతుంది. అలాంటి బండికి నాలుగూ ఒకేసారి, ఒకే మోడల్, ఒకే సైజులో కొనండి. బిల్లు కట్టేముందు ఆ మోడల్‌కు తడి పట్టు గ్రేడు ఎంతో అడగండి. చెప్పలేని షాపులో బటన్ల అందం చూసి కొనకండి.